కీ కాకర్ దీవిలో ఐదు రాత్రులు: గాలి చూసుకుని స్నార్కెలింగ్

మధ్య అమెరికా దేశమైన బెలీజ్‌లో, బెలీజ్ సిటీకి ఉత్తర ఈశాన్యంగా దాదాపు 32 కిలోమీటర్ల దూరంలో, సముద్రంలో ఉంది కీ కాకర్. పొడవు సుమారు 8 కిలోమీటర్లు, వెడల్పు చాలాచోట్ల కిలోమీటరు కూడా ఉండదు. జనంలో ఎక్కువమంది దక్షిణం వైపున్న ఒకే ఊళ్ళో ఉంటారు. ఊరి ఈ కొస నుంచి ఆ కొసకి నడిస్తే ఇరవై, ఇరవైఐదు నిమిషాలు. తిరగడానికి సైకిల్, గోల్ఫ్ కార్ట్, లేకపోతే కాళ్ళు. తూర్పు ఒడ్డున నిలబడి చూస్తే కిలోమీటరున్నర దూరంలో అలలు తెల్లగా విరుగుతూ కనిపిస్తాయి. అక్కడే పగడపు దిబ్బ ఉంది. బెలీజ్ తీరం పొడవునా దాదాపు 300 కిలోమీటర్లు సాగే ఈ దిబ్బల వ్యవస్థను యునెస్కో 1996లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2009లో ప్రమాదంలో ఉన్న వాటి జాబితాలోకి వెళ్ళింది. సముద్రంలో చమురు తవ్వకాలను దేశం ఆపేశాక, మడ అడవుల రక్షణకు నిబంధనలు గట్టిపడ్డాక, 2018లో ఆ జాబితా నుంచి బయటపడింది.

ఇక్కడికి వచ్చేవాళ్ళలో చాలామంది ఇంటి దగ్గరే కూర్చుని ఫలానా తేదీ ఉదయానికి స్నార్కెలింగ్ (మాస్క్, ఊపిరి గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ కిందికి చూడటం) పడవ బుక్ చేసుకుని వస్తారు. ఆ రోజు గాలి 20 నాట్లు, అంటే గంటకు దాదాపు 37 కిలోమీటర్లు ఉంటే డబ్బూ పోతుంది, దిబ్బా కనబడదు. ఈ దీవిలో ఏ రోజు దిబ్బ మీదికి వెళ్ళాలో, ఏ వైపు గది తీసుకోవాలో, దోమలు ఎప్పుడు కుడతాయో, ఏ ఒడ్డున ఈదాలో అన్నీ గాలే చెబుతుంది. అందుకే మా సలహా: కనీసం ఐదు రాత్రులు ఉండండి. వచ్చే పడవ, వెళ్ళే పడవ, గది మాత్రం ఖాయం చేసుకోండి. దిబ్బ మీదికి వెళ్ళే రోజును మాత్రం తెరిచి ఉంచండి.

ఏ నెలల్లో

ఫిబ్రవరి నుంచి మే వరకు వానలు తక్కువ. మార్చి, ఏప్రిల్ నెలల్లో నీళ్ళు బాగుంటాయి, కానీ తూర్పు గాలి రోజుల తరబడి గట్టిగా వీచే వారాలు ఉంటాయి. మే వచ్చేసరికి గాలి కాస్త మెత్తబడుతుంది, ఎండ ముదురుతుంది. జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు హరికేన్ల కాలం. ప్రమాదం ఎక్కువగా ఆగస్టు చివర నుంచి అక్టోబర్ దాకా. ఆ నెలల్లో గదులు చవకే, కానీ టికెట్ మార్చుకునే వీలు లేకుండా వెళ్ళకండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు ఉత్తరం నుంచి చల్లగాలులు దిగుతాయి. అక్కడివాళ్ళు వాటిని ‘నార్తర్’ అంటారు. నార్తర్ దిగితే రెండు మూడు రోజులు నీళ్ళు మడ్డిగా ఉంటాయి, పడవలు ఆగిపోవచ్చు. అది వెళ్ళిపోయిన మర్నాడు కాదు, ఆ తర్వాతి రోజు వెళ్తే నీళ్ళు తేరుకుని ఉంటాయి. నీటి వేడి చలికాలంలో 26 డిగ్రీల దగ్గర, వేసవిలో 29 దాకా ఉంటుంది. అయినా గంటసేపు నీళ్ళలో తేలితే వణుకు వస్తుంది, సన్నగా ఉన్నవాళ్ళకు మరీ త్వరగా.

సర్గాసమ్ నాచు సంగతి కూడా తెలుసుకుని వెళ్ళండి. వసంతం, వేసవి నెలల్లో సముద్రంలో తేలే ఈ గోధుమరంగు నాచు తూర్పు గాలికి కొట్టుకొచ్చి తూర్పు ఒడ్డున మేట వేస్తుంది. కుళ్ళితే గుడ్డు మురిగిన వాసన వస్తుంది. అదంతా ఒడ్డు దగ్గరి గొడవ. దిబ్బ దగ్గర నీళ్ళు అప్పుడు కూడా మామూలుగానే ఉండొచ్చు. కాబట్టి ఆ నెలల్లో పడమటి వైపు గది తీసుకుంటే సరిపోతుంది, ప్రయాణం మానుకోనక్కర్లేదు.

చేరడం

విమానం బెలీజ్ సిటీ దగ్గరున్న ఫిలిప్ గోల్డ్‌సన్ అంతర్జాతీయ విమానాశ్రయంలో దిగుతుంది. చాలా విమానాలు అమెరికా నగరాల మీదుగానే వస్తాయి. భారత పాస్‌పోర్టుతో అమెరికాలో విమానం మారాలంటే, విమానాశ్రయం దాటకపోయినా, అమెరికా వీసా ఉండాలి. బెలీజ్ వీసా నియమాలతో పాటు దీన్ని కూడా టికెట్ కొనేముందే చూసుకోండి.

విమానాశ్రయం నుంచి టాక్సీలో ఊళ్ళోని వాటర్ టాక్సీ రేవుకు వెళ్ళాలి, అరగంట పడుతుంది. టాక్సీ ఎక్కే ముందే ధర మాట్లాడుకోండి, ఆ ధర ఏ డాలర్లలోనో అడగండి. రేవు నుంచి కీ కాకర్‌కు పడవలో ముప్పావు గంట. చివరి పడవ చీకటి పడకముందే వెళ్ళిపోతుంది. మీ విమానం సాయంత్రం దిగేదైతే ఆ రాత్రి బెలీజ్ సిటీలోనే గది చూసుకోండి, పరుగులు పెట్టకండి. చిన్న విమానాలు కూడా ఉన్నాయి, పది పదిహేను నిమిషాల్లో దింపుతాయి, కానీ ధర పడవకు కొన్ని రెట్లు.

పడవలో ముందు వరుసలు ఎగిరెగిరి పడతాయి. నడుము నొప్పి ఉన్నవాళ్ళు వెనక కూర్చోవాలి. బ్యాగులకు చీటీ కట్టి ఒకచోట పేరుస్తారు. ఫోన్, పాస్‌పోర్ట్, మందులు మాత్రం చిన్న సంచిలో వేసుకుని దగ్గరే పెట్టుకోండి, తుంపర్లు తగలకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి.

గది ఎటువైపు

దీనికి సమాధానం కూడా గాలిలోనే ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి తూర్పు నుంచే వస్తుంది. తూర్పు వైపు కిటికీ ఉన్న గదిలో ఫ్యాన్‌తోనే హాయిగా నిద్ర పడుతుంది, దోమలు కూడా తక్కువ. పడమటి వైపు నీళ్ళు చెరువులా ఉంటాయి, సూర్యాస్తమయం కనిపిస్తుంది, కానీ గాలి ఆడదు. సాయంత్రం దోమలు, సాండ్‌ఫ్లై అనే సన్నటి ఈగలు దిగుతాయి. సాండ్‌ఫ్లై కాటు దోమకాటు కన్నా ఎక్కువ రోజులు దురద పెడుతుంది. గాలి పడిపోయిన తెల్లవారుజామున, సంధ్యవేళ చీలమండల మీద దాడి చేస్తుంది. ఆ వేళల్లో పొడుగు ప్యాంటు, కాళ్ళకు దోమల మందు తప్పనిసరి.

డార్మిటరీ మంచం తీసుకునేవాళ్ళు మూడు విషయాలు అడగాలి: వంటగది ఉందా, తాళం వేసుకునే పెట్టె ఉందా, తాగునీళ్ళు నింపుకునే ఏర్పాటు ఉందా. కుళాయి నీళ్ళు తాగకండి, ఫిల్టర్ నీళ్ళు నింపుకోండి. రోజుకి మూడు లీటర్లు తాగాలి. ఉప్పునీళ్ళలో గంటలు గడిపినరోజు ఇంకా ఎక్కువ. గది ధర చెప్పినప్పుడు 9 శాతం హోటల్ పన్ను కలిపి చెప్పారో లేదో అడగండి. విద్యుత్ 110 వోల్టులు, ప్లగ్గులు ఎక్కువగా అమెరికా పద్ధతివి. ఫోన్ ఛార్జర్లకు ఎడాప్టర్ ఒక్కటి చాలు. హెయిర్ డ్రయ్యర్, నీళ్ళు కాచే కెటిల్ లాంటివి 220 వోల్టులవైతే ఇక్కడ సరిగ్గా పనిచేయవు, మోసుకెళ్ళకండి.

డబ్బు

2 బెలీజ్ డాలర్లకు 1 అమెరికా డాలర్. ఈ లెక్క చాలా ఏళ్ళుగా స్థిరంగా ఉంది. రెండూ అన్నిచోట్లా తీసుకుంటారు. చిల్లర ఒక్కోసారి రెండూ కలిపి ఇస్తారు. ‘నలభై డాలర్లు’ అన్నప్పుడు ఏ డాలర్లని అడగకపోతే బిల్లు రెట్టింపయ్యే అవకాశం ఉంది. కిరాణా కొట్టు, తోపుడు బండి దగ్గర చెప్పేది సాధారణంగా బెలీజ్ డాలర్లలో, టూర్ల ధరలు తరచూ అమెరికా డాలర్లలో. ఊళ్ళో ఏటీఎం ఉంది, కానీ సెలవు రోజుల్లో డబ్బు అయిపోవడం మామూలే. కనీసం రెండు రోజుల ఖర్చు నోట్ల రూపంలో దగ్గర పెట్టుకోండి. అమెరికా నోట్లు చిరిగినవి, బాగా నలిగినవి తీసుకోరు.

మాస్క్ సరిపోవడమే సగం పని

స్నార్కెలింగ్ నచ్చలేదని చెప్పేవాళ్ళలో చాలామందికి నచ్చనిది కారే మాస్క్. అద్దె మాస్కులు పడవలోనే ఇస్తారు. అయినా మీకు సరిపోయేది ఒకటి సొంతంగా తీసుకెళ్ళడం మేలు. కాళ్ళకు తొడిగే రెక్కలు, ఫిన్స్, మాత్రం అక్కడే తీసుకోవచ్చు, అవి బరువు.

సరిపోయిందో లేదో చూసే పద్ధతి ఇది. పట్టీ వెనక్కి తగిలించకుండా మాస్క్‌ను ముఖానికి ఆనించండి. ముక్కుతో మెల్లగా గాలి లోపలికి పీల్చి ఊపిరి ఆపండి. చెయ్యి తీసేసినా మాస్క్ ఊడకుండా నాలుగైదు సెకన్లు అంటుకుని ఉండాలి. ఎక్కడో సన్నగా గాలి దూరుతోందంటే అది మీ ముఖానిది కాదు, వేరేది చూడండి. గొట్టం నోట్లో పెట్టుకుని మళ్ళీ ఒకసారి పరీక్షించండి. నోరు తెరిచినప్పుడు బుగ్గల గీతలు మారి, అప్పటిదాకా సరిపోయిన మాస్క్ కారొచ్చు. మీసం ఉన్నవాళ్ళకు పై పెదవి దగ్గర నీళ్ళు దూరతాయి. అక్కడ పెట్రోలియం జెల్లీ కొద్దిగా రాస్తే చాలావరకు ఆగుతుంది, కానీ పూర్తిగా కాదు. ముక్కు కింద ఒక గీత మేర గొరిగించుకుంటే ఇంకా మంచిది. జుట్టు వెంట్రుక ఒక్కటి సిలికాన్ అంచు కింద పడ్డా చాలు, నీళ్ళు కారతాయి.

కారుతోందని పట్టీ బిగించడం అందరూ చేసే పొరపాటు. బిగిస్తే అంచు మడతపడి ఇంకా కారుతుంది, నుదుటి మీద ఎర్రటి గీత పడుతుంది, గంటలో తలనొప్పి మొదలవుతుంది. పట్టీ మాస్క్‌ను జారకుండా ఆపితే చాలు. నీటి ఒత్తిడే దాన్ని ముఖానికి అదిమి ఉంచుతుంది.

కొత్త మాస్క్ అద్దం లోపలి వైపు తయారీలో మిగిలిన సన్నటి పొర ఉంటుంది. అది పోకపోతే ఏం రాసినా ఆవిరి పడుతుంది. బయల్దేరే ముందు రోజు మామూలు తెల్ల టూత్‌పేస్ట్ రాసి వేలితో రెండు నిమిషాలు రుద్ది కడగండి. ఇలా రెండు మూడుసార్లు చేయండి. గీతలు పడే గరుకు పేస్టు వద్దు. ఆ తర్వాత ప్రతిసారీ నీళ్ళలోకి దిగే ముందు పొడి అద్దానికి ఉమ్మి గానీ, పసిపిల్లల షాంపూ నీళ్ళలో కలిపి ఒక చుక్క గానీ రాసి, ఒక్కసారి సముద్రపు నీళ్ళతో తొలవండి. పూర్తిగా కడిగేస్తే ప్రయోజనం పోతుంది. దిగాక మాస్క్‌ను నుదుటి మీదికి ఎత్తిపెట్టుకుంటే ఒంటి వేడికి మళ్ళీ ఆవిరి పడుతుంది. మెడలోకి దించుకోండి.

సామానులో ఇంకా ఉండవలసినవి: పొడుగు చేతుల ఈత చొక్కా, మోకాళ్ళ కింది దాకా వచ్చే టైట్స్, నీళ్ళు దూరని పది లీటర్ల సంచి, వెనిగర్ చిన్న సీసా, వాంతుల మాత్రలు. స్నార్కెలింగ్‌లో ఎండ దెబ్బ తగిలేది ముఖానికి కాదు, మెడ వెనక, పిక్కలకు, మోకాలి వెనక మడతలకు. నీళ్ళు చల్లగా ఉండటంతో కాలుతున్నట్టు తెలియదు, రాత్రి పడుకోబోతే తెలుస్తుంది. బట్ట కప్పుకుంటే సన్‌స్క్రీన్ వాడకం ఎలాగూ తగ్గుతుంది. మిగిలిన చోట్లకు జింక్ ఆక్సైడ్ ఉన్నదే వాడండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్నవి పగడాలకు హాని చేస్తాయి.

మొదటి రెండు రోజులు: నడుం లోతులో

ఈత రానివాళ్ళు, వచ్చినా స్నార్కెల్ ఎప్పుడూ పెట్టుకోనివాళ్ళు నేరుగా పడవెక్కి దిబ్బ దగ్గర దూకకూడదు. గట్టు దగ్గర గంట సాధన చేస్తే తర్వాతి రోజంతా మారిపోతుంది.

ఊరికి ఉత్తరపు కొసన ‘ద స్ప్లిట్’ అనే కాలువ ఉంది. 1961లో హరికేన్ హాటీ దీవిని అక్కడ చీల్చిందని చెబుతారు. ఆ తర్వాత పడవల కోసం మనుషులు, ఆపైన ప్రవాహం దాన్ని పెద్దది చేశాయి. అందరూ ఈదేది అక్కడే. గట్టు లోపలి లోతు తక్కువ నీళ్ళు సాధనకు బాగుంటాయి. కాలువ మధ్యలో మాత్రం ప్రవాహం బలంగా లాగుతుంది, పైగా పడవలు వేగంగా పోతుంటాయి. ఈత బాగా వచ్చినవాళ్ళు కూడా దాన్ని దాటి ఉత్తర దీవికి ఈదే ప్రయత్నం చేయకండి. అటు తీసుకెళ్ళే పడవలు ఉన్నాయి. గాలి గట్టిగా ఉన్న రోజు పడమటి వైపు నీళ్ళు ఎంచుకోండి. ఉత్తరపు గాలి వీచే రోజున లెక్క తారుమారవుతుంది, అప్పుడు పడమటి వైపే అలలు.

సాధన వరుస ఇలా ఉంటే మంచిది. నడుం లోతులో నిలబడి, ముఖం మాత్రం నీళ్ళలో పెట్టి, నోటితో ముప్పై సార్లు ఊపిరి తీసుకోండి. తీసుకునేదాని కన్నా వదిలేది పొడవుగా ఉండాలి. గొట్టంలో మిగిలిపోయే పాత గాలి బయటికి పోయేది అలా వదిలితేనే. చిన్న చిన్నగా ఎగశ్వాస తీస్తే ఆ పాత గాలే మళ్ళీ మళ్ళీ లోపలికి వెళ్ళి ఆయాసం, భయం మొదలవుతాయి. తర్వాత కావాలనే గొట్టంలోకి నీళ్ళు రానిచ్చి, ‘తూ’ అన్నట్టు ఒక్క ఊపున ఊది బయటికి పంపండి. ఆ వెంటనే పీల్చే మొదటి ఊపిరి మాత్రం మెల్లగా తీసుకోండి, మిగిలిన చుక్కలు గొంతులోకి పోకుండా. మాస్క్‌లో నీళ్ళు నిండితే తల పైకెత్తి, మాస్క్ పై అంచును నుదుటికి నొక్కి, ముక్కుతో గట్టిగా ఊదాలి. కింది అంచు నుంచి నీళ్ళు పోతాయి. ఇవి మూడూ పదేసి సార్లు చేతికి అలవాటయ్యాక ఫిన్స్ వేసుకోండి.

ఫిన్స్‌తో కాలు తుంటి నుంచి కదలాలి. మోకాలు మడిచి సైకిల్ తొక్కినట్టు కొడితే ముందుకు పోరు, కింద ఇసుక లేస్తుంది. చేతులు అసలు వాడక్కర్లేదు. ఫిన్స్‌తో ముందుకు నడవకండి, వెనక్కి నడవండి.

తేలడానికి చొక్కా తీసుకోవడానికి సిగ్గుపడకండి. లైఫ్ జాకెట్ వేసుకున్నవాళ్ళు ఆయాసం లేకుండా ఎక్కువసేపు చూస్తారు, పగడాల మీద నిలబడాల్సిన అవసరం వాళ్ళకు రాదు.

పడవ ఎంచుకునే సాయంత్రం

రోజూ సాయంత్రం గాలి వివరాలు చూడండి. విండీ లాంటి యాప్‌లలో నాట్ల లెక్క ఉంటుంది. 10 నాట్ల లోపు, అంటే గంటకు 18 కిలోమీటర్ల లోపు ఉంటే వెంటనే బుక్ చేసుకోండి, అలాంటి రోజులు తక్కువ. 10 నుంచి 15 మధ్య ఉంటే అలవాటున్నవాళ్ళకు ఇబ్బంది లేదు, కొత్తవాళ్ళు ఉదయం పూటే వెళ్ళాలి. 15 దాటితే అలలు గొట్టంలోకి ఎక్కుతుంటాయి, నీళ్ళు మసకబారతాయి. 20 దాటితే పడవ వెళ్తానన్నా మీరు వెళ్ళకండి. మధ్యాహ్నానికి గాలి పెరగడం మామూలు కాబట్టి ఉదయపు పడవే మేలు.

పోటు, పాట్ల తేడా ఇక్కడ చాలా తక్కువ. అయినా దిబ్బలో ఉన్న సందుల దగ్గర అది తెలుస్తుంది. పోటు వేళ బయటి సముద్రపు తేట నీళ్ళు లోపలికి వస్తాయి. పాటు వేళ లోపలి మడ్డి నీళ్ళు బయటికి పోతాయి. ఫలానా పూట నీళ్ళు ఎలా ఉంటాయని గైడ్‌ని అడిగితే వాళ్ళు చెప్పేది దీన్ని బట్టే.

రెండు రకాల ప్రయాణాలు ఉంటాయి. సగం రోజుది ఊరి ఎదురుగా ఉన్న కీ కాకర్ మెరైన్ రిజర్వ్ దాకా. ఇది 1998లో ఏర్పడింది. పడవ ప్రయాణం తక్కువ, జనం తక్కువ. కొత్తవాళ్ళకు మొదట ఇదే సరైనది. పూర్తి రోజుది ఉత్తరాన, ఆంబర్‌గ్రిస్ కీ దక్షిణపు కొస దగ్గరున్న హోల్ చాన్ మెరైన్ రిజర్వ్‌కు. ఇది 1987లో ఏర్పడింది. దిబ్బలో దాదాపు 9 మీటర్ల లోతైన సందు ఇది, పెద్ద చేపలన్నీ ఆ సందులోనే తిరుగుతాయి. దాని పక్కనే షార్క్ రే ఆలీ ఉంది. ఒకప్పుడు జాలర్లు చేపలు శుభ్రం చేసి వ్యర్థాలు పారేసిన చోటు కావడంతో నర్స్ షార్కులు, టేకు చేపలు (స్టింగ్‌రేలు) అక్కడికి అలవాటుపడ్డాయి. హోల్ చాన్‌లోకి గైడ్ లేకుండా దిగనివ్వరు.

ఏ కొట్టుకి వెళ్ళినా అడగవలసినవి: గైడ్‌కు లైసెన్సు ఉందా, ఒక గైడ్ వెంట ఎంతమంది దిగుతారు, రిజర్వ్ రుసుము ధరలో కలిసే ఉందా, గాలి పెరిగి ఆగిపోతే డబ్బు తిరిగిస్తారా లేక రోజు మారుస్తారా. ఆ నాలుగింటికీ తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్ళ దగ్గర తీసుకోండి. చేపలకు మేత వేసి షార్కులను చేతులతో పట్టుకుని చూపిస్తామని చెప్పేవాళ్ళ పడవ వద్దు. నర్స్ షార్క్ శాంతంగా ఉండే జీవే, కానీ నోటి దగ్గర వేలు పెడితే కొరుకుతుంది, వదలదు.

తెరచాప పడవలో వెళ్ళే ప్రయాణాలు కూడా ఉన్నాయి. మోటారు హోరు ఉండదు, నిదానంగా సాగుతుంది. తొందర లేనివాళ్ళకు మేం దాన్నే చెబుతాం.

బ్లూ హోల్ గురించి ఒక మాట. లైట్‌హౌస్ రీఫ్‌లోని ఆ గుండ్రటి గుంట వెడల్పు 300 మీటర్లు, లోతు 124 మీటర్లు. పై నుంచి ఫోటోలో చూసినంత అందం నీటి మీద తేలేవాళ్ళకు కనబడదు. అంచున పగడాలు తప్ప కింద ముదురు నీలమే. పైగా గంటల తరబడి గట్టి అలల మీద పడవ ప్రయాణం. స్నార్కెలింగ్ మాత్రమే చేసేవాళ్ళు ఆ డబ్బుతో దిబ్బ మీదికి ఇంకో రెండుసార్లు వెళ్ళవచ్చు, లేదా చిన్న విమానంలో పై నుంచి చూడవచ్చు. అదే ప్రయాణంలో వచ్చే హాఫ్ మూన్ కీ, ఎర్రకాళ్ళ బూబీ పక్షుల కోసం, మాత్రం వెళ్ళదగ్గదే.

దిబ్బ మీద

దిగే గంట ముందు తేలికగా తినండి. వాంతుల మాత్ర వేసుకునేవాళ్ళు పడవ కదలక ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేస్తే పని చేయదు. ఉంగరాలు, గొలుసులు గదిలో పెట్టండి. మెరిసే లోహాన్ని బరాకుడా అనే వేటాడే చేప చిన్న చేప అనుకుంటుంది.

నీళ్ళలో దిగగానే ఈదకండి. పడవ పక్కనే రెండు నిమిషాలు తేలి, ఊపిరి కుదుటపడ్డాక కదలండి. మొదట ప్రవాహానికి ఎదురుగా వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు దానితో పాటు రావాలి. ఓపిక అయిపోయిన వేళ ప్రవాహం మీ వైపు ఉండాలి. ఒకచోట ఆగి కదలకుండా తేలితే ఐదు నిమిషాల్లో చేపలు మిమ్మల్ని పట్టించుకోవడం మానేస్తాయి. పగడం కింద దాక్కున్న పచ్చటి మోరే ఈల్, సముద్రపు గడ్డి మేస్తున్న తాబేలు, మచ్చల ఈగిల్ రే ఇలాంటివి కనబడేది అలా ఆగినవాళ్ళకే. చెవులు నీళ్ళలో ఉంటాయి కదా, కరకరమని చప్పుడు వినిపిస్తే అటు చూడండి. చిలకముక్కు లాంటి నోటితో రాతి మీది నాచును గీకుతున్న ప్యారట్‌ఫిష్ అది. నాచు పెరిగితే పగడం ఊపిరాడక చస్తుంది. ఈ చేప ఆ నాచును అదుపులో ఉంచుతుంది కాబట్టి బెలీజ్ 2009లో దాన్ని పట్టడం నిషేధించింది.

పగడం మీద నిలబడకండి, పట్టుకోకండి. పగడం పైపొరంతా ప్రాణమున్న జీవులే. ఒక్క అడుగుకు చితికిన చోట రోగం పట్టుకుంటుంది. రాతి పగడాల కణజాలాన్ని తినేసే ఒక వ్యాధి 2019 నుంచి బెలీజ్ దిబ్బల్లో ఉంది. దిబ్బలు ఇప్పటికే కష్టంలో ఉన్నాయి, మన ఫిన్స్ తాకిడి దానికి తోడవకూడదు. మీటరు కన్నా తక్కువ లోతున్న చోటికి వెళ్ళకండి. పొరపాటున వెళ్తే కాళ్ళు ఆపి, చేతులతో మెల్లగా వెనక్కి జరగండి.

ఒక మీటరు, రెండు మీటర్లు కిందికి మునగాలనుకుంటే ముక్కు మూసి మెల్లగా ఊది చెవులు తెరుచుకోనివ్వాలి, నొప్పి రాకముందే. నొప్పి వచ్చాక ఊదితే లాభం లేదు, పైకి రండి. మునిగే ముందు గబగబా లోతుగా పదిసార్లు ఊపిరి తీసి ‘గాలి నింపుకోవడం’ ఎప్పుడూ చేయకండి. దానితో ఒంట్లో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. ఊపిరి తీసుకోవాలనే కోరిక పుట్టించేది అదే. కోరిక పుట్టకముందే ఆక్సిజన్ అయిపోయి, ఏ హెచ్చరికా లేకుండా స్పృహ తప్పుతుంది. బాగా ఈదేవాళ్ళే ఇలా ఎక్కువగా మునిగిపోతారు. ఒకరు మునిగితే ఇంకొకరు పైన చూస్తూ ఉండాలి.

కుట్టేవి, గుచ్చేవి

ఆవపొడి రంగులో, అంచులు తెల్లగా ఉండేది ఫైర్ కోరల్. తగిలితే నిప్పు అంటుకున్నట్టు మండుతుంది. రుద్దకండి, మంచినీళ్ళతో కడగకండి. సముద్రపు నీళ్ళతో కడిగి వెనిగర్ పోయండి. నల్లటి పొడుగు ముళ్ళ సీ అర్చిన్‌లు రాళ్ళ సందుల్లో ఉంటాయి. ముల్లు విరిగితే లోపల పెళుసుగా ముక్కలవుతుంది, కెలికి తీయబోతే ఇంకా విరుగుతుంది. పైకి కనిపించేదే తీసి వేడి నీళ్ళలో నానబెట్టండి. లయన్‌ఫిష్ ముల్లు, టేకు చేప తోక ముల్లు గుచ్చుకుంటే కాలేంత కాకుండా ఓర్చుకోగలిగినంత వేడి, 45 డిగ్రీలకు మించని నీళ్ళలో అరగంట నుంచి గంటన్నర ముంచాలి. వేడికి నొప్పి తగ్గుతుంది. ఆ తర్వాత క్లినిక్‌కు వెళ్ళాలి. ఛాతీ, పొట్ట మీద గుచ్చుకున్నా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం లేకుండా వైద్యం కావాలి. టేకు చేప ముల్లు వాడేది దాని మీద కాలు పడితేనే. ఇసుక లోతులో అడుగు ఎత్తకుండా ఈడుస్తూ నడిస్తే అదే పక్కకి జరుగుతుంది.

మార్చి నుంచి జూన్ వరకు కొన్ని రోజుల్లో ఈత బట్టల కింద ఎర్రటి దద్దుర్లు లేస్తాయి. కంటికి కనబడని జెల్లీఫిష్ పిల్లలు బట్టకీ ఒంటికీ మధ్య ఇరుక్కోవడం వల్ల ఇలా జరుగుతుంది. బట్టలతోనే షవర్ కింద నిలబడితే ఇంకా కుడతాయి. ముందు బట్టలు విప్పి, ఆ తర్వాత స్నానం చేయండి. ఆ బట్టలను సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయండి.

నీళ్ళలో దిగని రోజులు

గాలి బాగా ఉన్న రోజున సైకిల్ అద్దెకు తీసుకుని దక్షిణం వైపు విమానాల పట్టీ దాటి వెళ్ళండి. మడ అడవుల అంచున కొంగలు, ఇతర నీటి పక్షులు ఉదయం ఎక్కువగా కనిపిస్తాయి. వెనక వైపు మడుగుల్లో మొసళ్ళు ఉంటాయి. అక్కడ నీటి అంచుకు పోకండి, చీకటి పడ్డాక అసలు వెళ్ళకండి. మనాటీలను (సముద్రపు గడ్డి మేసే పెద్ద నీటి జంతువులను) చూడటానికి స్వాలో కీ వైపు వెళ్ళే పడవలు ఉన్నాయి. మనాటీలతో పాటు ఈదడానికి బెలీజ్‌లో అనుమతి లేదు. దూకనిస్తామని చెప్పే పడవ నిబంధన తప్పుతున్నట్టే. దూరంగా ఇంజన్ ఆపి, అది ఊపిరి కోసం ముక్కు పైకి తెచ్చే క్షణం కోసం ఎదురుచూడాలి.

తిండి విషయంలో ఉదయం ఫ్రై జాక్ తినండి, పొంగిన మైదా రొట్టెను నూనెలో వేయించినది. లోపల గుడ్డు, బీన్స్, చీజ్ పెట్టి ఇస్తారు, ఒకటి తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. మధ్యాహ్నం కొబ్బరిపాలతో వండిన రైస్ అండ్ బీన్స్, పక్కన స్ట్యూ చికెన్. కారం చాలదనిపిస్తే ప్రతి బల్ల మీదా మారీ షార్ప్స్ హబనేరో సాస్ ఉంటుంది. శాకాహారులు బీన్స్‌లో మాంసం ముక్క వేశారేమో అడగాలి, పంది తోక వేయడం అక్కడ మామూలు.

లాబ్‌స్టర్ మార్చి 1 నుంచి జూన్ 30 వరకు, కాంక్ శంఖం జూలై 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు పట్టకూడదు. అవి గుడ్లు పెట్టి పెరిగే నెలలు. కాంక్ వేట పరిమితి నిండితే నిషేధం ముందే మొదలవుతుంది. ఆ రోజుల్లో తాజాది ఉందని ఎవరైనా వడ్డించబోతే వద్దనండి.

వెళ్ళే రోజు

చివరి సాయంత్రం మాస్క్, గొట్టం, చొక్కా మంచినీళ్ళలో పావుగంట నానబెట్టి నీడలో ఆరేయండి. ఎండలో సిలికాన్ పసుపెక్కి గట్టిపడుతుంది. వేరే సముద్రానికి వెళ్తున్నట్టయితే బాగా ఎండాకే సర్దండి, తడి సామానుతో రోగాలు కూడా ప్రయాణిస్తాయి. విమానం మధ్యాహ్నం అయితే ఉదయం మొదటి పడవే ఎక్కండి. గాలి ఎక్కువగా ఉన్న వారంలో ముందురోజు మధ్యాహ్నమే దీవి దిగి బెలీజ్ సిటీలో పడుకోవడం నయం. పడవలు ఆలస్యమైతే విమానం ఆగదు.